అక్వేరియం చేపలకు తెల్ల మచ్చలు: వైద్యం చేపకు కాదు, తొట్టి మొత్తానికి

కొల్లూరు నుంచి రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్తే 'వైట్ స్పాట్' అన్న మాటకే రొయ్యల రైతుల గుండె గుభేలుమంటుంది. 1990ల మధ్య నుంచి చెరువులను దెబ్బతీస్తున్న ఆ జబ్బు వైరస్ వల్ల వస్తుంది, దానికి మందు లేదు. ఇంట్లో పిల్లల కోసం పెట్టుకున్న అక్వేరియంలో చేపలకు వచ్చే వైట్ స్పాట్ వేరు. పేరొకటే గాని ఇది పరాన్నజీవి పని. 'ఇక్' అంటారు. శాస్త్రీయ నామం ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్. త్వరగా గుర్తిస్తే దీన్ని నయం చేయొచ్చు.

ఒంటి మీద, రెక్కల మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు వస్తాయి. చేప గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది, మేత మానేస్తుంది. మొప్పలకు పాకితే పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ చుక్క లోపల, చేప చర్మం కింద పురుగు భద్రంగా ఉంటుంది, అక్కడ దానికి మందు తగలదు. కొన్ని రోజులు తిని బలిసి కిందికి రాలుతుంది. గులకరాళ్లలో గూడు కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోకపోతే చస్తాయి. ఉప్పు గాని, మందు గాని చంపగలిగేది నీటిలో ఈదే ఆ పిల్లలనే. అందుకే మచ్చలున్న చేపను ఒక్కదాన్ని తీసి బకెట్లో వేస్తే లాభం లేదు, మిగతా తొట్టంతా అప్పటికే అంటుకుని ఉంటుంది. నాలుగైదు రోజులకు మచ్చలు రాలగానే 'తగ్గింది' అని మందు ఆపినా అంతే, వారం తిరక్కుండా రెండో విడత వస్తుంది. ఆఖరి మచ్చ పోయాక కూడా కనీసం వారం వైద్యం సాగాలి. కాస్త సబర్ కావాలి.

వేడి ఈ చక్రాన్ని తొందరపెడుతుంది. 25 డిగ్రీల నీటిలో అది దాదాపు వారంలో పూర్తవుతుంది, చల్లటి నీటిలో వారాలు పడుతుంది. హీటర్‌తో మెల్లగా, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా తీసుకెళ్తే పురుగు త్వరగా బయటపడుతుంది. మన వేసవిలో హీటర్ అవసరమే రాదు. అయితే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఎయిర్ పంపు ఆగకూడదు. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ పంపు ఒకటి దగ్గరుంచుకోవాలి. గోల్డ్ ఫిష్ చల్లటి నీటి చేప, దాన్ని అంత వేడిలో పెట్టొద్దు.

ఉప్పు విషయానికొస్తే అయోడిన్ కలపని రాళ్ల ఉప్పు చాలు. చినగంజాం మడుల ఉప్పయినా పనికొస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో రాళ్లు పోను సుమారు 45 లీటర్ల నీళ్లుంటాయి. లీటరుకు 2 గ్రాముల చొప్పున 90 గ్రాములు. కిరాణా కొట్లో తూయించి, నీళ్లలో కరిగించి, రోజున్నరలో మూడు విడతలుగా పోయాలి. మాలీ, గప్పీలు హాయిగా తట్టుకుంటాయి. టెట్రా, కోరిడోరాస్, లోచ్ లాంటివి కలిసి ఉంటే సగం మోతాదుతో ఆగాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పు తగ్గదు కాబట్టి తగ్గిన మేరకు మామూలు నీళ్లే పోయాలి. పావు వంతు నీళ్లు మారిస్తే ఆ పావు వంతుకు సరిపడా ఉప్పు మాత్రమే కలపాలి. రోజు విడిచి రోజు గొట్టంతో గులకరాళ్ల అడుగు పీల్చేస్తే సగం గూళ్లు అక్కడే పోతాయి.

ఉప్పుకు లొంగకపోతే దుకాణంలో దొరికే మాలకైట్ గ్రీన్ మందులు ఉన్నాయి. సీసా మీది మోతాదే వాడాలి, సున్నిత చేపలుంటే సగమే. ఫిల్టర్లో బొగ్గు ఉంటే మందును పీల్చేస్తుంది, ముందే తీసేయాలి. చేతికి గ్లవుజులు ఉండాలి, పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి. తినే చేపలకు ఈ మందు వాడనే కూడదు. రాగి కలిసిన మందులతో నత్తలు, రొయ్యలు బతకవు.

కృష్ణా కాలువ నుంచి నాచు, నత్తలు తెచ్చి వేసే అలవాటు కొందరికి ఉంది. వాటితో చేప పేను రావచ్చు. ఆంధ్రలో బొచ్చె, రాగండి చెరువుల రైతులకు ఇది పాత శత్రువే. బిళ్లలా చదునుగా, కంటికి కనిపించేంత ఉంటుంది. తడి గుడ్డలో చేపను పట్టుకుని చిమటాతో తీసేయొచ్చు. అది అద్దం మీద గుడ్లు పెడుతుంది, వాటినీ గీకేయాలి. చెరువులకు వాడే పురుగుమందులు మాత్రం ఇంటి తొట్టిలో వేయకూడదు. ఎకరాల లెక్కన కలిపే మందును 45 లీటర్లకు కొలవడం ఇంట్లో సాధ్యం కాదు, రెండు చుక్కలు ఎక్కువైనా చేపలన్నీ పోతాయి.

తెనాలి, విజయవాడ దుకాణాల్లో కొన్న చేపలు చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల పెరిగి, సంచుల్లో నలిగి వచ్చి ఉండొచ్చు. అలా అలసిన చేపకే ఇక్ మొదట అంటుకుంటుంది. వాటిని రెండు మూడు వారాలు వేరే తొట్టిలో, వేరే వలతో పెట్టి చూశాకే పాతవాటితో కలపాలి.