కూడబలుక్కుని చదవడం

అచ్చులో ఉన్న అక్షరాలను గుర్తుపట్టి, వాటి ధ్వనులను కలిపి పదంగా పలకడమే కూడబలుక్కుని చదవడం. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ 1986లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, చదివి అర్థం చేసుకోవడమంటే ఈ నేర్పునూ, విని గ్రహించే శక్తినీ గుణిస్తే వచ్చే లబ్ధం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. చెబితే కథంతా గ్రహించే పిల్లలు అదే కథ పుస్తకంలో కనబడితే బిక్కమొహం వేయడానికి కారణం ఇదే. వాళ్లను మొద్దులని తేల్చేయడం అన్యాయం.

తెలుగులో రాతకూ పలుకుకూ పొంతన బాగానే కుదురుతుంది. కాని గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో తేలతాయి. సోదర లిపి అయిన కన్నడంపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్షరాలపై పట్టు నాలుగో తరగతి దాకా పెరుగుతూనే ఉందని తేలింది.

తడబాటు ఎక్కడో తెలియాలంటే తప్పును శ్రద్ధగా వినాలి. గుణింతం గడగడా అప్పజెప్పే పిల్లకు ‘కే’ ఒక్కటే చూపితే, మళ్లీ ‘క’ నుంచి వల్లిస్తూ అక్కడికి చేరుకోవచ్చు. ఆమెకు కావలసింది ఇంకోసారి కంఠస్థం కాదు, వరస తప్పించి చూపే అభ్యాసం. ‘రాత్రి’లో గుడి ‘త’ మీద ఉంటుంది, ఇకారం మాత్రం రకారం తర్వాత పలుకుతుంది. ‘రాతిర’ అని చదివిన పిల్లవాడు కంటికి కనిపించిన వరసనే పాటించాడు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక తక్కువ కాబట్టి వాటిని విడిగా నేర్పాలి.

తల, పడవ, పలక వంటి సరళ పదాలతో మొదలుపెట్టి, కొద్ది గుణింతాలు, ఆపై అమ్మ, అక్క వంటి ద్విత్వాలు, చివరకు సంయుక్తాలు చేర్చడం మంచి క్రమం. నేర్పిన అక్షరాలతోనే చిన్న వాక్యాలు కూర్చి చదివించాలి. బొమ్మ చూసి ఊహించి చెప్పడాన్ని చదువుగా లెక్కించకూడదు.

ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ‘అసర్’ సర్వే పిల్లల పఠనాన్ని అక్షరం, పదం, పేరా, కథ అనే మెట్లలో కొలుస్తుంది. తరగతిని బట్టి కాక, ఈ మెట్టును బట్టి జట్లు చేసి బోధించడం ఆ సంస్థ పద్ధతి. ఇలాంటి పునాది నేర్పుల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రాథమిక తరగతులకు ‘తొలిమెట్టు’ కార్యక్రమం తెచ్చింది.

శ్రద్ధగా నేర్పినా ముందుకు సాగకపోతే మొదట చూపు, వినికిడి పరీక్షించాలి; అవి బాగుంటే అభ్యసన వైకల్యం ఉందేమో చూడాలి. డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది.