భయం నేర్పిన మాటలు

ఆగస్టు 29న మనం గిడుగు వెంకట రామమూర్తిని తల్చుకుని తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన వాడుక తెలుగు కోసం పోరాడారు. అంతకుముందే ఆయన సవర భాషకి విద్యార్థి. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మాటలు నేర్చుకున్నారు. కొండ జ్వరానికి మింగిన క్వినైన్ వినికిడిని దెబ్బతీసినా వదల్లేదు. 1938లో ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఇష్టంతో నేర్చుకున్న రెండో భాష అది.

మరి సవరలు తెలుగు ఎలా నేర్చుకున్నారు?

1988లో సీతంపేట ఏజెన్సీలో ఒక బడికి వెళ్ళాను. రెండో తరగతి గుంట ఒకతి ఆరు నెలలైనా నోరు విప్పేది కాదు. ఆమెకి అర్థమయ్యే తెలుగు మాటలు ఒకరోజు రాసి చూశాను. కూర్చో, నోర్ముయ్, బయటికి పో. అన్నీ టీచర్ల మాటలే. వాటిలో నావీ ఉన్నాయి. సంతలో వాళ్ళమ్మకి వచ్చిన తెలుగు వేరు: కుంచం, బాకీ, వడ్డీ, వేలిముద్ర. సావుకారు మోసం చేస్తాడన్న భయం నేర్పిన మాటలవి.

భయం, సిగ్గు అడ్డుగోడలా నిలబడి కొత్త భాషను లోపలికి రానివ్వవని 1980లలో స్టీఫెన్ క్రాషెన్ అన్నాడు. నేను చూసింది కాస్త వేరు. భయం కూడా మాటలు నేర్పుతుంది, గట్టిగానే నేర్పుతుంది. కాకపోతే అవి లొంగి ఉండడానికి సరిపోయే మాటలు. అడగడానికి, కాదనడానికి, నవ్వడానికి కావలసినవి నేర్పదు.

ఆ పిల్లకి జ్వరం వచ్చిన రాత్రి పక్కన కూర్చుని, నీళ్ళని సవరలో ఏమంటారని అడిగాను. చెప్పింది. నేను పలికితే పకపకా నవ్వి, "తప్పు, టీచరమ్మా" అంది. తెలుగులో ఆమె నాతో అన్న మొదటి మాట అదే. నా తప్పు దిద్దిన మాట. తెల్లారి నుంచి ఆమే ప్రశ్నలడగడం మొదలుపెట్టింది.

2004లో ఆంధ్రప్రదేశ్‌లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు ప్రారంభించినప్పుడు నాకా నవ్వే గుర్తొచ్చింది. నిఘంటువులో మాటకి అర్థం ఉంటుంది. దాన్ని ఎవరి ముందు, ఏ భయంతో నేర్చుకున్నారో ఉండదు. ఆడవాళ్ళ భాషా చరిత్ర చాలావరకు ఆ రాయని భాగంలోనే ఉంది. ఇంగ్లీషులో మనకి మొదట పట్టుబడ్డ మాట ‘సారీ’యా, ‘నో’నా? ఒకసారి గుర్తు తెచ్చుకుందాం.