ముక్తారునామా - ఆడుబిడ్డ చేవ్రాలు

తండ్రి పెద్దకర్మ ముగిసిన మఱునాడు పెద్దకుమారుడు పెట్టె తెఱచి, తండ్రి బ్రదికియుండగా దన పేర వ్రాసియిచ్చిన ముక్తారునామాను బైటికి దీసి, "ఆస్తిపై నధికార మంతయు నాదే" యని పలుకుట నేనొక బంధుగృహమున గన్నులార జూచితిని. చెల్లెండ్రిద్దఱును మాఱు పలుకలేదు. ఆ కాగితమునకు దండ్రితోనే ప్రాణము పోయినదని వారికి దెలియదు, అన్నకును దెలియదు.

ముక్తారునామా యనగా, తనకు మాఱుగా వ్యవహరింపుమని యొకడు మఱియొకనికి నిచ్చు నధికారపత్రము. 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 201వ సెక్షను ననుసరించి యిచ్చినవాని మరణముతో నట్టి యధికారము ముగియును. ముక్తారునకే యా యాస్తియందు స్వంతహక్కున్న యరుదైన సందర్భము వేఱు. పిమ్మట నతనికి మిగులునది 209వ సెక్షను చెప్పిన విధి యొక్కటియే: తన చేతిలోని సొత్తును మృతుని వారసుల కొఱకు గాపాడుట. నేను యజమానుడ ననుకొన్నవాడు నిజమునకు గావలివాడు.

మఱి యా వారసు లెవరు? కల్యాణనగరమున నాఱవ విక్రమాదిత్యుని (1076-1126) యాస్థానమందు విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించెను. పుత్రులకు బుట్టుకతోనే హక్కని చెప్పిన యా గ్రంథమే, అవివాహితలగు తోబుట్టువుల కన్నదమ్ములు నాల్గవవంతు నీయవలె నను స్మృతివిధిని గూడ విచారించినది. ఇది పెండ్లిఖర్చు మాత్రమే యనువారి మతమును విజ్ఞానేశ్వరు డంగీకరింపక, అది భాగమే యని నిర్ణయించెను. పదుమూడవ శతాబ్దమున గేతన యీ ధర్మశాస్త్రమును దెనుగు పద్యములలోనికి దెచ్చెను. అయినను గాలక్రమమున నా నాల్గవవంతు పెండ్లిఖర్చుగనే కుదించుకొనిపోయినది. మన గ్రామములలో గొందఱు పసుపుకుంకుమల క్రింద గూతుండ్రకు భూమి నిచ్చిరి; అది తండ్రి ప్రేమ గాని కూతురి హక్కు గాదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీలునామా లేని తండ్రి స్వార్జితమున గొమార్తెకు గుమారునితో సమభాగ మిచ్చెను. పిత్రార్జితమున మాత్రము తండ్రి వాటాలోనే యామెకు భాగము దక్కెను. తల్లి లేని యింట నిద్దఱు కొడుకులు, నొక కూతురు నున్నచో నామెకు వచ్చినది తొమ్మిదింట నొకటి. కొడుకు లొక్కొక్కరికి నాలుగు. ఈ యన్యాయమును దొలగించుటలో ముందుగా నడుగు వేసిన రాష్ట్రములలో నాటి యుమ్మడి యాంధ్రప్రదేశ మొకటి. 1985 సెప్టెంబరు 5 నాటికి బెండ్లికాని కూతుండ్రకు బిత్రార్జితమున గుమారులతో సమానమైన హక్కు గలిగెను. 2005 సెప్టెంబరు 9 నుండి వివాహిత, యవివాహిత యను భేదము పోయినది. తండ్రి యా దినమున జీవించియుండ నక్కఱలేదని సుప్రీముకోర్టు 2020 ఆగస్టు 11న దీర్పు చెప్పెను. తొమ్మిదింట నొకటి మూడింట నొకటి యయ్యెను.

ఇన్ని యేండ్ల కృషిని నిష్ఫలము చేయుట కొక చేవ్రాలు చాలును. పుట్టింటి రాకపోక లాగునను భయముచే నాడుబిడ్డ హక్కువిడుదల పత్రముమీద వ్రాలు చేయుచున్నది. సముద్రము దాటి యమెరికాలో నున్న చెల్లెలు, చదువకయే ముక్తారునామా పంపుచున్నది. అన్నపై నమ్మక ముండవచ్చును, ఉండవలెను గూడ. కాని ఏ భూమికి, ఏ పనికి, ఎంతకాలమునకు నను సంగతులు పత్రములో స్పష్టముగ నుండుటయు, లెక్క యడుగుటయు నవిశ్వాసము గాదు. అవి నమ్మకమును నిలుపునవి.

నేను చెప్పిన యింట బిదప నొక న్యాయవాది యా పాతకాగితము చెల్లదని వివరించెను. అప్పుడు చిన్నచెల్లెలు, "అన్నా, నీ వడిగియుండిన నా భాగము నిచ్చియే యుందును. అడుగక తీసికొన్నది నే నిచ్చిన దగునా?" యనెను. అన్న తల వంచుకొనెను. చదువరులారా, త్యాగము గొప్పదే. కాని హక్కు గలవారికే త్యాగము. ముం దామె భాగ మామె చేతిలో బెట్టుడు. పిమ్మట నిచ్చుటయో యుంచుకొనుటయో యామె యిష్టము.