కోబాల్ అప్పుడు ఎవరికి కూడు పెట్టింది, ఇప్పుడు మనకేం పెడుతుంది?



అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు చూసొచ్చిన మన పిల్లలు ఒకటే అడుగుతున్నారు: "మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ నేర్చుకుంటే ఫ్యూచర్ ఉంటుందా?" కొలిమిగుండ్ల చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన మాకు ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. నాపరాయి గనిలో దినకూలీకి పోయే నాయన ఎన్ని నెలలు పనిచేస్తే ఒక కోర్సు ఫీజు అవుతుందో లెక్కేసుకుని అడిగే ప్రశ్న. అందుకే ముందు దీని చరిత్ర చూద్దాం.

కోబాల్ 1959లో అమెరికాలో మొదలైంది. అంతకుముందు మిషన్ మారిస్తే ప్రోగ్రాం అంతా మళ్లీ రాసుకోవాల్సి వచ్చేది. ఆ తిప్పలు తప్పించడానికి అక్కడి రక్షణ శాఖ అండతో ఒక కమిటీ కూర్చుని దీన్ని తయారుచేసింది. గ్రేస్ హాపర్ అనే ఆమె అంతకుముందు చేసిన ఫ్లో-మ్యాటిక్ దీనికి పెద్ద ఆధారం. "యాడ్ వడ్డీ టు అసలు" అన్నట్టు మామూలు ఇంగ్లీషు వాక్యంలా ఉంటుంది, ఆఫీసు వాళ్లకు కూడా అర్థం కావాలని. (ఇంగ్లీషే గోడ అయినోళ్ల సంగతి అప్పుడెవరికీ గుర్తు రాలేదులెండి.) డబ్బును దశాంశాల్లోనే, పైసా తేడా లేకుండా లెక్క కడుతుంది. బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు దాన్ని పట్టుకున్నది అందుకే.

1975లోనే డైక్‌స్ట్రా అనే పెద్ద కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ భాష నేర్పడాన్ని నేరంగా చూడాలన్నాడు. అయినా దానికి అసలు గిరాకీ వచ్చింది ఇంకో 20 ఏళ్ల తర్వాత! పంచ్ కార్డులో 80 గడులే, మెమరీ ఖరీదు. అందుకని పాతవాళ్లు సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసినారు. 2000 వస్తే 00 అవుతుంది. 70లో పుట్టినాయన వయసు 00లోంచి 70 తీసేస్తే ఎంత? ఇదే వైటూకే. పాత కోడంతా వెతికి దిద్దాలి, అమెరికాలో అంతమంది మనుషులు దొరకలేదు. 1987లో పుట్టిన సత్యం కంపెనీ, అమీర్‌పేట కోచింగులు ఈ పని మీద పెరిగినాయి. సైబర్ టవర్స్ 1998లో తెరిచినారు. 1999, 2000 సంవత్సరాలకు అమెరికా హెచ్1బి వీసాలను 65,000 నుంచి 1,15,000కు పెంచింది.

అయితే పోయింది ఎవరు? షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు హైదరాబాదులో, సిడ్నీలో తిరిగి 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అని పుస్తకం రాసినాడు. కోచింగుకు, ఏజెంట్లకు పెట్టుబడి ఎక్కడిదంటే పొలం మీద మిగులు, కట్నం డబ్బు. ఆ సంవత్సరాల్లో మా పెద్దోళ్లు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస పోతుండేవాళ్లు. కోబాల్ మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఆ బస్సు టికెట్టు కొనే స్తోమతే మనకు లేదు.

2000 తర్వాత ఆ పని అయిపోయింది, చాలామంది బెంచి మీద కూర్చున్నారు. కోబాల్ మాత్రం పోలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తితే, న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ వచ్చినోళ్లు సాయానికి రావాలని అడిగినాడు. 2023లో దానికి కొత్త అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అదే ఏడాది కోబాల్‌ను జావాలోకి మార్చే ఏఐ పనిముట్టును ఐబీఎం ప్రకటించింది. అంటే రేపు మిగిలేది కొత్తగా రాసే పని కాదు. పాత కోడు చదివి, దాని వెనక బ్యాంకు లెక్క ఏందో చెప్పగలిగే పని.

మా అభిప్రాయం సూటిగా: ఒక్క కోబాల్ కోసం అప్పు చేసి ఫీజు కట్టొద్దు. పెద్ద సర్వీసు కంపెనీలు ఫ్రెషర్లను తీసుకుని మెయిన్‌ఫ్రేమ్ ట్రైనింగ్ తామే ఇస్తుంటాయి. ముందు జావా, డేటాబేస్ గట్టిగా పట్టండి. కోబాల్ రుచి చూడాలంటే జీఎన్‌యూ కోబాల్ ఉచితం, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ పాఠాలకూ పైసా కట్టక్కర్లేదు. మా హాస్టల్‌లో నలుగురం ఆదివారాలు కూర్చుంటున్నాం. మొదట రాసిన ప్రోగ్రాం, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీతో తెచ్చిన అప్పు ఐదేళ్లకు ఎంతవుతుందో చెప్పేది.