తెల్లవారుజాము వ్యాయామం, తండ్రి మనసు



శరీర వ్యాయామం వల్ల కొంత మేలు ఉందనీ, దైవభక్తి వల్ల అన్ని విషయాల్లోనూ మేలు ఉందనీ పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 4:8). ఈ వాక్యం చూపించి, "పాస్టరుగారూ, మగవాళ్లు తెల్లవారుజామునే కలిసి కసరత్తు చేయడం సంఘం పనేనా?" అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్నే. దానికి జవాబుగా కొంచెం చరిత్ర మీతో పంచుకుంటాము.

ఇంగ్లండులో జార్జ్ విలియమ్స్ అనే రైతు బిడ్డ ఉండేవాడు. 1841లో లండన్ వెళ్లి బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. అప్పట్లో పల్లెల నుండి వచ్చిన కుర్రవాళ్లు రోజుకు 12 గంటలకు పైగా పనిచేసి, దుకాణం పైగదుల్లోనే ఇరుకుగా పడుకునేవారు. ఇంట్లో ఉంటే మందలించడానికీ, "తిన్నావా?" అని అడగడానికీ తండ్రి ఉండేవాడు. ఆ పట్నంలో ఎవరున్నారు? పని అయ్యాక వాళ్లను పిలిచేవి సారా దుకాణాలే. విలియమ్స్ తన తోటివారిని పడకగదిలోనే ప్రార్థనకు కూర్చోబెట్టాడు. 1844 జూన్ 6న 12 మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే వై.ఎం.సి.ఏ.

మొదట్లో అది ప్రార్థన, బైబిలు పఠనం మాత్రమే. యౌవనులకు ఆరోగ్యకరమైన కాలక్షేపం కూడా కావాలని తర్వాత గ్రహించారు. 1869లో న్యూయార్క్‌లో కట్టిన వై.ఎం.సి.ఏ. భవనంలో వ్యాయామశాల కూడా పెట్టారు. మిషనరీల కుమారుడైన లూథర్ గులిక్ ఆత్మ, మనస్సు, శరీరం అనే మూడింటినీ ఒక త్రిభుజంగా చూపించాడు. మూడూ దేవుడిచ్చినవే, ఒకటి పాడైతే మిగతావీ కుంటుపడతాయని బోధించాడు. యేసు జ్ఞానంలోనూ వయస్సులోనూ దేవుని దయలోనూ మనుషుల దయలోనూ ఎదిగాడని లూకా 2:52 చెప్పేది కూడా ఈ సంపూర్ణమైన ఎదుగుదల గురించే.

గులిక్ దగ్గర పనిచేసిన జేమ్స్ నైస్మిత్ సంగతి మన మగవాళ్లంతా తెలుసుకోవాలి. కెనడాలో పుట్టిన ఆయన 1870లో, 9 ఏళ్ల వయసులోనే, తల్లిదండ్రులిద్దరినీ టైఫాయిడ్ జ్వరానికి పోగొట్టుకున్నాడు. మేనమామ దగ్గర పెరిగాడు. చదువు మధ్యలో ఆపి, అడవిలో కలప కొట్టే పనికి వెళ్లాడు. మళ్లీ చదువుకుని, వేదాంత విద్య పూర్తిచేసి, పాస్టరు కావలసినవాడు వ్యాయామ బోధకుడయ్యాడు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, చలికాలంలో ఆరుబయట ఆడలేక విసుగెత్తిన 18 మంది యువకుల కోసం రెండు పండ్ల బుట్టలు 10 అడుగుల ఎత్తున కట్టించి, 13 నియమాలు రాసి ఒక ఆట తయారుచేశాడు. నేడు లోకమంతా ఆడే బాస్కెట్‌బాల్ అదే.

తర్వాత ఆయన కాన్సాస్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. 1930లలో అక్కడికి జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి విద్యార్థి వచ్చాడు. ఆ రోజుల్లో నల్లవారిని విశ్వవిద్యాలయం జట్టులోకి రానిచ్చేవారు కాదు. ఆ కుర్రవాడు నేరుగా నైస్మిత్ దగ్గరికి వెళ్లి, "నాకు మార్గదర్శి మీరేనండి" అన్నాడు. ఎవరు చెప్పారని ఆయన అడిగితే, "మా నాన్న" అన్నాడు. తండ్రుల మాట ఎప్పుడూ సరైనదేనని చెప్పి నైస్మిత్ అతన్ని లోపలికి పిలిచాడు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకున్న మనిషి వేరొకరి కొడుకు బాధ్యత తీసుకున్నాడు. మెక్లెండన్ తర్వాత పేరుపొందిన శిక్షకుడయ్యాడు.

అమెరికాలో తండ్రుల దినం మొదలైన కథలోనూ వై.ఎం.సి.ఏ. ఉంది. స్పోకేన్ పట్టణంలో సొనోరా డాడ్ అనే సహోదరి 1909లో మాతృ దినం నాటి ప్రసంగం వింటూ తన తండ్రిని తలచుకుంది. 1898లో కాన్పు సమయంలో తల్లి చనిపోతే, ఆమెనూ ఆమె తమ్ముళ్లు 5 మందినీ తండ్రే పెంచాడు. ఆమె ఆ ఊరి పాస్టర్లనూ వై.ఎం.సి.ఏ. వారినీ ఒప్పించింది. 1910 జూన్ 19న అక్కడ మొదటిసారి తండ్రుల దినం జరిగింది.

ఈ మధ్య కాలానికి వస్తే, 2011 జనవరి 1న అమెరికాలోని షార్లెట్ నగరంలో కొందరు మగవాళ్లు ఎఫ్3 అనే వ్యాయామ బృందం మొదలుపెట్టారు. రుసుము లేదు. ఎండైనా వానైనా ఆరుబయటే చేస్తారు. వంతులవారీగా వారిలో ఒకరే నడిపిస్తారు. చివరన వలయంగా నిలబడి ఒకరి భారం ఒకరు వింటారు. మగవాడు మనసు విప్పడం కష్టం. పక్కపక్కన చెమట కార్చాక ఆ కష్టం కొంత తగ్గుతుంది.

ఇదంతా పరదేశుల సంగతి అనుకోకండి. తమిళనాడులో ఒక పల్లెటూరి పాస్టరు కుమారుడైన వి.ఎస్. అజరయ్య చాలా సంవత్సరాలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యౌవనుల మధ్య పనిచేశారు. ఆ తర్వాత మన తెలుగు నేలకు, దోర్నకల్‌కు వచ్చి, మన భాష నేర్చుకుని, 1912లో అక్కడి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి చేరేవరకు మన పల్లెల్లోనే సేవ చేశారు. బిషప్ గారైనా మన పల్లెజనం ఆయన్ని "తండ్రిగారు" అని పిలిచేవారు.

ప్రియులారా, 1844లో లండన్‌లో ఉన్న కొరత ఈ రోజు మన ఊళ్లో ఉంది. అప్పుడు కొడుకులు ఇల్లు విడిచి వెళ్లారు, ఇప్పుడు తండ్రులు వెళ్తున్నారు. కువైట్‌లో, దుబాయ్‌లో, హైదరాబాదు కట్టడాల దగ్గర మన సహోదరులు కష్టపడుతున్నారు. వారి మీద మాకు నింద లేదు, బిడ్డల అన్నం కోసమే వెళ్లారు. కానీ సండే స్కూల్లో తండ్రి గురించి చెప్పమంటే "ఫోనులో కనిపిస్తాడు" అనే పిల్లలున్నారు. తండ్రి చనిపోయిన వారున్నారు. తండ్రి ఇంట్లోనే ఉన్నా, సాయంత్రమైతే మద్యానికి భయపడే పిల్లలూ ఉన్నారు.

ఉపదేశకులు వేలమంది ఉండవచ్చు గాని తండ్రులు కొద్దిమందేనని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 4:15). కాబట్టి తెల్లవారుజామున కూడే సహోదరులకు మా మనవి ఇది. మీరు వచ్చేటప్పుడు మీ కొడుకుతో పాటు తండ్రి దగ్గర లేని ఒక పిల్లవాడిని తీసుకురండి. వాడి తల్లికీ నాయనమ్మకూ ముందే చెప్పి, అందరి ఎదుటా మైదానంలోనే వాడితో పరుగెత్తండి. వాడి చదువు అడగండి, వాడి కోసం పేరుపెట్టి ప్రార్థించండి. దూరాన ఉన్న తండ్రులారా, ఈ వారం ఫోనులో మార్కుల సంగతి పక్కనబెట్టి, బిడ్డతో ఒక ప్రార్థన చేయండి.

తండ్రిలేనివారికి తండ్రి అయిన మన దేవుడు మన సంఘంలోని ప్రతి పురుషునికి ఆ తండ్రి మనసు దయచేయును గాక. ఆమేన్.