టౌపో విస్ఫోటనం: కూలిన వృక్షాల సాక్ష్యం

న్యూజిలాండ్ ఉత్తర దీవి నడుమనున్న టౌపో సరస్సు అగ్నిపర్వత బిలంలో ఏర్పడినది. క్రీ.శ. మూడో శతాబ్దిలో ఆ అగ్నిపర్వతం పేలి చుట్టూ ఉన్న అడవిని నేలకూల్చింది. అప్పటికి ఆ దీవుల్లో మనుషులు లేరు కాబట్టి కళ్లారా చూసి చెప్పినవారు లేరు. పేలుడు ఎక్కడ మొదలైందో, ఎప్పుడు జరిగిందో చెప్పే ఆధారాల్లో ముఖ్యమైనవి ఆ కూలిన మానులే.

పేలుడు చివరి దశలో వేడి వాయువులు, బూడిద, నురుగురాళ్లు కలిసిన ప్రవాహం అన్ని దిక్కులకూ సుమారు 80 కిలోమీటర్లు దూసుకుపోయి, దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల నేలను కప్పేసింది. దారిలో దొరికిన చెట్లు చాలావరకు బొగ్గయ్యాయి.

1981లో ఫ్రోగట్, విల్సన్, వాకర్ అనే శాస్త్రవేత్తలు ఆ ప్రవాహం వదిలిన నిక్షేపంలోని దుంగలు ఏ దిశలో పడి ఉన్నాయో కొలిచారు. ఆ దిశలను వెనక్కి పొడిగిస్తే సరస్సులోని హోరోమటాంగి రాతిదిబ్బల ప్రాంతం పేలుడు కేంద్రంగా తేలింది. నీటి అడుగున ఉన్న బిలాన్ని ఒడ్డున పడిన మానులతో పట్టుకున్న ఈ పద్ధతి ఎంతో చక్కనిది.

సరస్సుకు పడమరనున్న ప్యూరియోరాలో మరింత విలువైన సాక్ష్యం దొరికింది. అక్కడ నేల నీరూరి ఉండటంతో చెట్లు బొగ్గవకుండా కొయ్యగానే మిగిలాయి. 1988లో పామర్, ఆగ్డెన్, పటేల్ అక్కడి టానెకాహా చెట్ల వార్షిక వలయాలను ఒకదానితో ఒకటి జోడించి 426 ఏళ్ల వరుస కూర్చారు. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనం ఆ అడవిలో ఏయే చెట్లు ఉండేవో వివరించింది. పేలుడు వేసవి చివర, అంటే అక్కడి మార్చి, ఏప్రిల్ రోజుల్లో జరిగిందన్న అంచనా ఈ అడవి ఆధారంగా వచ్చిందే.

సంవత్సరం విషయంలో వాదం చాలాకాలం నడిచింది. మొదట క్రీ.శ. 130 ప్రాంతమనుకున్నారు. 1980లో విల్సన్ బృందం చైనా, రోమన్ గ్రంథాల్లోని ఆకాశ వింతలను చూపి 186 అంది. ఆకర్షణీయమైన వాదనే గాని నిలవలేదు. 2012లో హాగ్ బృందం ప్యూరియోరా చెట్టు వలయాల్లోని రేడియోకార్బన్ హెచ్చుతగ్గులను కౌరీ చెట్లతో తయారైన ప్రమాణ రేఖతో సరిపోల్చి 232 అని తేల్చింది. పదేళ్లు అటూ ఇటూ కావచ్చు. భూగర్భం నుంచి వచ్చిన పాత కార్బన్ చెట్లలో చేరి వయసు ఎక్కువ చూపుతోందని, అసలు పేలుడు ఇంకా తర్వాతదని 2018లో హోల్డవే బృందం అభ్యంతరం చెప్పింది. హాగ్ బృందం మరుసటి ఏడాదే దాన్ని ఖండించింది. 2023లో అంటార్కిటికాలో 279 మీటర్ల లోతు మంచులో టౌపో బూడిద గాజు రేణువులు దొరికాయి. ఆ పొర క్రీ.శ. 230 ప్రాంతానిది.