ల్యాప్‌టాప్ వైఫల్యాలు - వేడి: 2008 నాటి ఉదంతం - పరిశీలన

ఉపోద్ఘాతం:
పాతబడిన ల్యాప్‌టాప్ పని మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే వేడియే కారణమని భావించడం పరిపాటి. అయితే వేడి హద్దు మీరినప్పుడు యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోవడం వేరు; ఏళ్ల తరబడి వేడెక్కుతూ, చల్లబడుతూ ఉండటంవల్ల లోపలి అతుకులు చిట్లడం వేరు. మొదటిది నిర్వహణకు, రెండవది నిర్మాణానికి సంబంధించినది. కారణ నిర్ణయాన్ని బట్టే మరమ్మతు భారం ఎవరిదో తేలుతుంది. 2008 నాటి గ్రాఫిక్స్ చిప్‌ల ఉదంతం ఆధారంగా ఈ భేదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం:
ట్రాన్సిస్టర్ పరిమాణంతోపాటు వోల్టేజీని కూడా తగ్గిస్తూ పోతే, చిప్‌లో చదరపు మిల్లీమీటరుకు ఖర్చయ్యే విద్యుత్తు పెరగదని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. 2000 దశకం మధ్యనాటికి లీకేజీ విద్యుత్తు కారణంగా వోల్టేజీని ఆ మేరకు తగ్గించడం సాధ్యపడలేదు. దానితో వేడి ప్రధాన సమస్యగా మారింది. డెస్క్‌టాప్‌లో పెద్ద ఫ్యాన్లకు చోటు ఉంది. ల్యాప్‌టాప్‌లో సన్నని రాగి గొట్టాలు, చిన్న ఫ్యానే ఆ భారం మోయవలసి వచ్చింది.

2008 నాటి ఉదంతం:
ల్యాప్‌టాప్‌లలోని తమ మునుపటి తరం చిప్‌లు కొన్ని సాధారణం కన్నా ఎక్కువగా విఫలమవుతున్నాయని 2008 జులై 2న ఎన్విడియా ప్రకటించింది. చిప్ ప్యాకేజీలో వాడిన పదార్థాల బలహీనతను అందుకు కారణంగా పేర్కొంటూ, వారంటీ, మరమ్మతు ఖర్చుల కింద 15 నుంచి 20 కోట్ల డాలర్లను చూపింది. సిలికాన్, దాని కింది పలక వేడికి ఒకే మేరకు వ్యాకోచించవు. అందువల్ల యంత్రం వేడెక్కి చల్లబడిన ప్రతిసారీ ఆ రెండింటినీ కలిపే సోల్డర్ అతుకులపై ఒత్తిడి పడుతుంది. డెల్, హెచ్‌పీ సంస్థలు ఫ్యాను మరింత ఎక్కువసేపు తిరిగేలా బయోస్ మార్పులు అందించాయి. అవి వైఫల్యాన్ని వాయిదా వేయగలవే తప్ప చిట్లిన అతుకును కలపలేవు. అమెరికాలో వినియోగదారులు వేసిన సామూహిక దావా 2010లో రాజీతో ముగిసింది.

కారణ నిర్ణయం:
దుమ్ము తొలగించి, థర్మల్ పేస్ట్ మార్చిన తరువాత ఉష్ణోగ్రత తగ్గి, ఆగిపోవడం కూడా మానితే లోపం శీతలీకరణలోనే ఉందని చెప్పవచ్చు. ఉష్ణోగ్రత మామూలుగా ఉన్నా యంత్రం ఆగిపోతూంటే మెమరీని, విద్యుత్ సరఫరాను విడిగా పరీక్షించాలి. వాటిలో లోపం లేకుండా తెరపై గీతలు, చెదిరిన బొమ్మలు కనిపిస్తే గ్రాఫిక్స్ చిప్‌ను అనుమానించాలి. బోర్డును వేడిచేసి యంత్రాన్ని తిరిగి పనిచేయించే పద్ధతి ఆ రోజుల్లో ప్రచారం పొందింది. ఆ ఫలితం సాధారణంగా కొద్దికాలమే నిలిచేది.

ముగింపు:
వేడి అన్న ఒక్క మాటతో సరిపెడితే లోపం వాడుకదారు అజాగ్రత్తగానే మిగిలిపోతుంది. శుభ్రపరచిన తరువాత కూడా యంత్రం ఎందుకు ఆగిపోతోందన్న ప్రశ్న వేసినప్పుడే నిర్మాణ లోపం బయటపడే అవకాశం ఉంటుందని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.